కళరి గురువు జీవిక

విద్యను విక్రయించుట దోషమని మనవారు చిరకాలమునుండి తలంచుచున్నారు. ఆ తలంపునకు గౌరవము లేకపోలేదు. కాని దానిని నోరార పలుకువారిలో ననేకులు గురువుగారి యింట పొయ్యి యెట్లు రగులునో విచారించినవారు కారు. సాము నేర్పు గురువుల విషయమున నీ యుపేక్ష మరింత మెండు. పండితుని పాఠశాలకు చాపయు, గ్రంథమును, వినువారును ఉన్న చాలును. సాముశాలకో, స్థలము కావలెను, కప్పు కావలెను, ఆయుధములు కావలెను, నూనెలు కావలెను, బెణికిన కీలును సరిచేయు నేర్పును కావలెను. ఈ వ్యయమునకు ఆదాయమెచ్చటినుండి రావలెనను ప్రశ్నను కేరళదేశపు కళరిపయట్టును ముందుంచుకొని పరిశీలింపదలచితిని. గురుపరంపర తెగక నిత్యాభ్యాసముగా నేటికిని నిలిచిన భారతీయ శస్త్రవిద్యలలో నది ప్రముఖము. అచ్చటి గురువులు పడుచున్న యిక్కట్లు తక్కిన సాముశాలలకును పరాయివి కావు.

ఉత్తరకేరళమున శాస్త్రానుసారముగా కట్టిన కళరి, అనగా సాముశాల, 42 అడుగుల పొడవును, 21 అడుగుల వెడల్పును గలిగి, నేలను మూడు నాలుగడుగుల లోతు త్రవ్వి, పైని ఆకుల కప్పు నేసి నిర్మింపబడును. ద్వారము తూర్పున నుండును. నైరృతి మూలను ఏడు మెట్లుగా పేర్చిన 'పూత్తర' యను వేదిక యుండును. శిష్యుడు కుడికాలు ముందుగా మోపి లోనికి దిగి, నేలనంటి కన్నుల కద్దుకొని, పూత్తరకును గురుపీఠమునకును మ్రొక్కి సాధనకు పూనును. ఈ ఆచారములను చూచి ముచ్చటపడు యాత్రికులు గమనింపని దొకటి కలదు. వానలు దండిగా కురియు ఆ దేశమున ఆకుల కప్పు ఏటేట నేయింపవలసినది. గుంటలోనికి నీరు దిగకుండ చూడవలసినది. మట్టినేలను అలికి చదును చేయింపవలసినది. పట్టణములలో స్థలపు వెల పెరిగినకొలది ఇట్టి గుంటకళరులు అరుదై, సిమెంటు నేలల గదులు వాని స్థానము నాక్రమించుచున్నవి. కాలు జారినవానిని మట్టి క్షమించునట్లు సిమెంటు క్షమింపదు.

శిక్షణలో నాలుగు దశలున్నవి. మొదటిది 'మెయ్‌త్తారి', అనగా కేవలము శరీరసాధన. ఏనుగు, సింహము, గుఱ్ఱము, పంది, సర్పము, పిల్లి, కోడి, నెమలి యను నెనిమిది భంగిమలును, తలపైకెగయు కాలి విసరులును, నేలకు జేరువగా కూర్చుండి ముందునకు సాగు నడకలును ఇందు చేరియున్నవి. రెండవది 'కోల్‌త్తారి': పొడవుకర్ర, పొట్టికర్ర, ఏనుగు దంతమువలె వంగిన 'ఒట్ట'. పిదప 'అంకత్తారి'లో బాకు, కత్తిడాలు, ఈటె, నడుమునకు చుట్టుకొన వీలగు ఉరుమి యను పలుచని ఖడ్గము వచ్చును. ఉరుమిని త్రిప్పువాడు ప్రత్యర్థికంటె ముందు తన్ను తాను కాపాడుకొనవలెను గనుక అది ఆ దశ తుదకుగాని చేతికి రాదు. నాలుగవది 'వెరుంకై', వట్టిచేతుల పోరాటము. మర్మవిజ్ఞానము, అనగా దేహపు ఆయువుపట్టుల యెరుక, దీనితో ముడిపడియున్నది. వట్టిచేతుల విద్య సులభమై మొదట వచ్చునని తలంచు మనకు అది చిట్టచివరి సోపానమగుట వింతగా తోపవచ్చును.

ఈ శిక్షణకు ప్రాణము 'వాయ్‌త్తారి'. గురువు కదలికల వరుసను నోటితో ఆజ్ఞారూపమున పలుకుచుండగా, ఆ స్వరపు వేగమునుబట్టి శిష్యుని దేహము లేచుచు, వంగుచు, తిరుగుచు, దుముకుచు నుండును. గురువు కన్ను శిష్యుని మడమమీదను, మోకాలిమీదను, చూపుమీదను నిలిచియుండవలెను. గొంతు నిముసమైనను తప్పిపోరాదు. ఇన్నూరు మందిని వరుసగా నిలిపి ఒక్కమారు నేర్పు విద్య యిది కాదు. కళరి యర్థశాస్త్రమంతయు నీ యొక్క విషయముపై నాధారపడియున్నది. శిష్యసంఖ్యను పెంచి ఆదాయము పెంచుకొనుడని గురువునకు హితవు చెప్పువాడు, తెలియకయే, విద్యను తగ్గించుకొనుడని చెప్పుచున్నాడు.

పూర్వము ఆ భారమును వహించినవారు వేరు. నాడువాళులను స్థానికప్రభువులకు యోధులు కావలసియుండిరి గనుక గురువులకు భూములును, గౌరవపదములును లభించెను. ఇరువురి తగవును తీర్చుటకై యితరుల పక్షమున ద్వంద్వయుద్ధము చేయు చేకవరులు ప్రతిఫలము పుచ్చుకొనియే అంకమను ఆ పోరునకు దిగిరి. వీరగాథలలో కీర్తింపబడిన ఆరోమల్ చేకవరు అట్టివాడే. కావున ఆ విద్య యేనాడును ధనస్పర్శ లేనిదన్న మాట చరిత్రకు సరిపడదు. ఆంగ్లేయులపై పళశ్శిరాజు తిరుగుబాటు 1805లో నాతని మరణముతో నణగిన పిమ్మట, మలబారున ఆంగ్లేయుల ఆయుధనిషేధము పడి, తుపాకులు ప్రబలి, సంస్థానాధిపతుల ప్రాభవము క్షీణించి, పోషణయంతయు నెండిపోయినది. అప్పుడు గురుక్కళ్ అనబడు కళరి గురువుల కుటుంబములను నిలిపినది వైద్యము. ఎముకలు కట్టుటయు, వర్షర్తువున తైలమర్దనము చేయుటయు వారికి కూడుపెట్టినవి. పైని కట్టిన త్రాడును పట్టుకొని, పాదముతో శిష్యుని వీపును, తొడలను నొత్తు ఆ మర్దనము నెరిగినవాడు మర్మములను నెరిగినవాడే. సుశ్రుతుడు 107 మర్మములను చెప్పగా, కళరి గురువులు వానిలో 64 ప్రధానములని యెంచుదురు. చంపు చోటును మాన్పు చోటును ఒక్కటియే యగుటచేత ఆ జ్ఞానమును శీలపరీక్ష లేక యెవరికిని ఒసగరు.

ఇరువదవ శతాబ్దిలో తలశ్శేరి ప్రాంతమున కొట్టక్కల్ కణారన్ గురుక్కళ్, ఆయన శిష్యుడు సి.వి. నారాయణన్ నాయర్ ఈ విద్యకు మరల ఊపిరి పోసిరి. నారాయణన్ నాయరు పేరిట 1956లో తిరువనంతపురమున వెలసిన సి.వి.ఎన్. కళరిలో శిక్షణయు చికిత్సయు నొక్క ఆవరణమున సాగుచున్నవి. నా దృష్టిలో అది కేవలము సౌకర్యము కాదు. ఉదయము సాధన, పిదప రోగులు; ఒకదాని యాదాయము రెండవదానిని బ్రతికించును, ఒకదాని యనుభవము రెండవదానికి పదును పెట్టును.

వటకరలోని మీనాక్షియమ్మగారి మార్గము వేరు. 2017లో పద్మశ్రీ పొందిన ఆమె కళరిలో నియతమైన రుసుము లేదు. శిష్యులు తమ యిచ్చ వచ్చినంత గురుదక్షిణ సమర్పింతురు. ఆ వ్రతమునకు నమస్కరింపవలసినదే. అయితే అద్దెయింట కళరి పెట్టి, బిడ్డల బడిజీతములు కట్టుచున్న యువగురువును ఆ కొలమానముతో కొలుచుట న్యాయము కాదు. ఆతడు నెలజీతము నిర్ణయించి, రసీదు వ్రాసియిచ్చి, పేదపిల్లలకు ఇన్ని స్థానములు ఉచితమని ముందుగనే ప్రకటించిన, అది దక్షిణకంటె తక్కువ గౌరవమైన పద్ధతి యేల కావలెను? మొగమాటమున అడుగలేక, అడుగనందున రాక, రానందున కళరి మూసివేయుటకంటె నిది మేలు.

జీతము చాలని గురువును రంగస్థలము పిలుచును. పర్యాటకుల కొఱకు ప్రతిసాయంకాలము నగ్నిచక్రములు దూకించి, కత్తులనుండి నిప్పురవ్వలు రాల్చు ప్రదర్శనలు తేక్కడి మొదలగు చోట్ల సామాన్యమైనవి. వానిని నిందింపను, కాని ప్రదర్శనకు ఉరుమి కావలెను, మెయ్‌త్తారి అక్కరలేదు, గనుక నేర్పువారు క్రమముగా మూడవ దశనుండి మొదలిడుదురు. పట్టీల పద్ధతి మరియొక ఆకర్షణ. జపానున కానో జిగొరో 1883లో జూడోకు శ్రేణులు నేర్పరచినది సదుద్దేశముతోనే. మన పట్టణముల కరాటే శిక్షణశాలలలో కొన్నిచోట్ల రంగుపట్టీ పరీక్షలే ప్రధానాదాయమై, నల్లపట్టీ పసిబిడ్డల నడుములకును చేరినది. కళరికి తన నాలుగు దశలుండగా అరువు తెచ్చుకొన్న పట్టీలు నిరర్థకములు.

గురువులకు తోడ్పడదలచినవారు శాలువలకు బదులు లెక్కలు తెలిసిన మనుష్యుని పంపవలెను. శిక్షణ జమాఖర్చులు, చికిత్స జమాఖర్చులు, ఇంటి ఖర్చులు మూడు వేర్వేరు పుస్తకములందుండవలెను. ఏ భాగము నష్టములో నున్నదో గురువునకే తెలియని స్థితి యిప్పుడు తరచుగా నున్నది. చేరునప్పుడు ప్రతిశిష్యుని పాతగాయములను, శ్వాసరోగములను వ్రాసికొనవలెను. మైనరు బిడ్డలకు మర్దనము చేయునప్పుడు తల్లియో తండ్రియో దగ్గర నుండుట నియమము కావలెను. ఇది గురువుమీద ననుమానముచేత కాదు, ఆయన పేరునకు రక్షగా. తరగతి నడుపు పెద్దశిష్యునకు వేతనమీయవలెను. గురుసేవ పేర పదేండ్లు ఉచితముగా నేర్పించుకొని, తుదకాతడు వేరు ఉద్యోగమునకు పోయినప్పుడు కృతఘ్నుడని నిందించుట మనకు వాడుక. పరంపర తెగుచున్నది అచ్చటనే.

మనవైపు గరిడీలు, తాలింఖానాలు అను సాముశాలలు పండుగ ఊరేగింపులకే పరిమితమైనవి. ఏడాదికొకమారు కర్రసాము చేయించుకొని, సంభావన యిచ్చి పంపివేయుదుము. మహామల్లులు కోడి రామమూర్తినాయుడుగారంతటివారు విజయనగరమున వ్యాయామోపాధ్యాయత్వము నెరపినను, ప్రపంచ మాయనను గుర్తించినది సర్కసు గుడారములోనే గదా! ప్రభుత్వాదరము కొంత లభింపకపోలేదు: 2020లో కేంద్రప్రభుత్వము కళరిపయట్టును, గత్కా, థాంగ్-టా, మల్లఖంబము అను దేశీయవిద్యలతో గూడ ఖేలో ఇండియా యువక్రీడలలో చేర్చ నంగీకరించినది. పతకములు వచ్చును, సంతోషము. పతకము గెలిచిన బాలుడు మరునాడు సాధన చేయవలసిన మట్టినేలకు పట్టాయు, దానిపై కప్పునకు ఏటేట కొంత ధనమును గురువు పేర వ్రాయించుట ఎక్కువ వ్యయమైన పని కాదు. ప్రదర్శనల కిచ్చుచున్న దానిలో కొంత భాగమును ఇటు మరలించినను ఆ పని మొదలుపెట్టవచ్చును.