ఆంగ్ల వ్యాకరణాభ్యాస గ్రంథములు – మన తెలుగు పిల్లలు

కవరైపేట్టై, గుమ్మిడిపూండి, పొన్నేరి ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఆంగ్లము నేర్వవలెనా వలదా యను ప్రశ్న లేదు. కవరైపేట్టైలోనే 1995లో ఇంజనీరింగు కళాశాల వెలసినది. గుమ్మిడిపూండిలో పారిశ్రామికవాడ యున్నది. చెన్నపట్టణపు ఉద్యోగములకు ప్రతిదినము రైలెక్కి పోవువారు పలువురు. ఈ మూడు చోట్లను ఆంగ్లము కావలయును. ఎట్లు నేర్వవలెనన్నదే మనము విచారింపవలసిన విషయము.

అక్షరములు దిద్దువానికి ఉపాధ్యాయుడున్నాడు. ఆరితేరినవానికి ఎవ్వరును అక్కరలేదు. నడుమనున్నవాడే దిక్కులేనివాడు. అతడు వార్తాపత్రిక చదువును, పాఠము అర్థము చేసికొనును. స్వయముగా నాలుగు వాక్యములు వ్రాయుమన్నచో కలము ఆగిపోవును. ఇట్టి మధ్యస్థాయి విద్యార్థికై మన యిండ్లలో సాధారణముగా కనబడు పుస్తకములు రెండు. వానిని గూర్చి మాకు తోచిన గుణదోషములను ఇచట మనవి చేయుదుము.

మొదటిది రెన్, మార్టిన్ అను ఇరువురి హైస్కూలు ఆంగ్ల వ్యాకరణము. 1930వ దశకమున వెలువడిన ఈ గ్రంథమును మన తాతల కాలమునుండి పూజాపీఠముపై నుంచినారు. దీని కర్తలలో పి. సి. రెన్ బొంబాయి విద్యాశాఖలో పనిచేసినవాడు, 'బో జెస్ట్' అను నవల వ్రాసి పేరొందినవాడు. తరువాతి కూర్పులను సవరించినవారు ఎన్. డి. వి. ప్రసాదరావుగారు. ఈ గ్రంథమున క్రమమున్నది, నిర్వచనములలో నిగ్గున్నది. పదమునకు పేరు పెట్టుటయు, వాక్యమును విడదీయుటయు, కర్తరిని కర్మణిగా మార్చుటయు ఇందు నేర్చినవాడు మరువడు. అయినను పేరు తెలియుట వేరు, వాడుక తెలియుట వేరు. కర్మణి వాక్యములు నూరు మార్చిన బాలుడు ఎప్పుడు కర్మణి వాడవలెనో చెప్పలేకపోవుట మనమందరము చూచుచున్నదే.

రెండవది రేమండ్ మర్ఫీ వ్రాసిన 'ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్'. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు 1985లో మొదట ప్రకటించిరి. ఐదవ కూర్పు 2019లో వచ్చినది. అందు 145 పాఠములు కలవు. ఇది మధ్యస్థాయి వారికే, తమంతట తాము చదువుకొనుటకే ఉద్దేశింపబడినది. ఎడమప్రక్క వివరణము, కుడిప్రక్క అభ్యాసము, చివర సమాధానములు. ఒక పాఠమున ఒక్క విషయమే. ఇంత పొందికగా నిర్మించిన పుస్తకము మరియొకటి మేము చూడలేదు. తనకు కష్టమైన పాఠములనే ఏరుకొని చదువవలెనని గ్రంథకర్త చెప్పుచున్నాడు. అందులకు చివర ఒక పరీక్షను గూడ చేర్చినాడు. మనవారు మాత్రము పారాయణము వలె మొదటి పుటనుండి మొదలుపెట్టి ముప్పదవ పాఠమువద్ద విసిగి మూసివేయుచున్నారు. ఆ లోపము పుస్తకమునది కాదు.

పుస్తకమునందును ఒక కొరత కలదు. ఎడమపుటలోని సూత్రము చూచుచు కుడిపుటలోని ఖాళీలు నింపుట సులభము. ఏ సూత్రము పనికివచ్చునో వెదకుకొను శ్రమ బాలునికి లేదు. జీవితమున ఏ ఖాళీకిని ఎడమపుట ఉండదు. కచేరీ గుమాస్తాలుగా మేము ఎరిగిన సంగతి యొకటి కలదు. ఏ పనివాడైనను తాను వ్రాసిన చిత్తుప్రతిపై పైయధికారి ఎర్రసిరాతో దిద్దినప్పుడే ఆంగ్లము నేర్చినాడు గాని, ఖాళీలు నింపి నేర్చినవాడు లేడు.

అంతకంటె పెద్ద కొరత వేరొకటి. ఈ రెండు గ్రంథములకును మన పిల్లవాని నోటిలోని భాష ఏదో తెలియదు. ప్రపంచమందలి అన్ని దేశములవారికై వ్రాసిన మర్ఫీ తెలుగును ఎట్లు తలంపగలడు? ఆయనను నిందింపము. ఆ లోటును పూరింపవలసినవారము మనమే.

ఒక ఉదాహరణము చూడుడు. "రెండేండ్లనుండి ఇక్కడ పనిచేయుచున్నాను" అను మాటను మన బాలుడు "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అని వ్రాయును. ఉపాధ్యాయుడు తప్పనును. బాలుడు దిద్దుకొనును. మరునాడు మరల అదే వ్రాయును. కారణమేమి? మనకు 'సోమవారమునుండి' అన్నను, 'రెండు దినములనుండి' అన్నను 'నుండి' యొక్కటే. ఆంగ్లమున ఆరంభకాలమునకు 'సిన్స్', కాలపరిమాణమునకు 'ఫర్'. మరియు, మొదలై ఇంకను సాగుచున్న పనికి మనము వర్తమానక్రియనే వాడుదుము. వారు 'హావ్ బీన్ వర్కింగ్' అందురు. తెలుగు వాక్యమును ప్రక్కన పెట్టి ఈ రెండు భేదములు చూపినచో, పదియారేండ్ల బాలునికి పది నిమిషములలో తెలియును.

మన 'కదా' యను మాట మరియొక ఉదాహరణము. వచ్చినాడు కదా, వచ్చెదవు కదా, వారు మనవారు కదా – అన్నిట అదే 'కదా'. కనుకనే మనవారు అన్నిటికిని 'ఇజింట్ ఇట్' తగిలించుచున్నారు. ఆంగ్లమున ఆ తోక క్రియనుబట్టి, కర్తనుబట్టి మారును. తెలుగు తోక మారదని ఎరిగినవాడే ఆంగ్లపు తోక మారునని గుర్తుంచుకొనగలడు.

తెలుగు ప్రతిచోటను బీదదని తలంపరాదు. ఆంగ్లమున 'వుయ్' ఒక్కటే. మనకు 'మేము', 'మనము' రెండు. తమిళమునను 'నాంగళ్', 'నామ్' అని రెండే. రేపు తిరుత్తణికి 'వుయ్' పోవుచున్నామని ఆంగ్లమున వ్రాసినచో, చదువరి తానును పిలువబడెనా లేదా యని సందేహించును. దానిని మాటలు చేర్చి తీర్చవలయును. ఈ సంగతి మన బాలుడు ఎరుగవలెనన్నచో అతనికి తన భాష నిలువవలయును.

పదసంపద విషయమునను ఇదే మాట. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణము నిర్వహించిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు రెండువేల ముఖ్యపదముల పట్టికను ప్రకటించెను. అరుదైన పదములు పోగుచేయుటకంటె తరచు వచ్చు పదములను గట్టిగా పట్టుట మేలన్నది దాని సారము. మనవారు దీనికి విరుద్ధముగా పెద్దపెద్ద మాటలు, వాని ప్రక్కన ఒక్కొక్క అర్థము వ్రాసి కంఠస్థము చేయింతురు. దాని బదులు 'వేయు' అను మన చిన్న క్రియను తీసికొనుడు. తలుపు వేయుట మూయుట. దీపము వేయుట వెలిగించుట. చొక్కా వేసికొనుట తొడుగుకొనుట. ఓటు వేయుట వేరు, మొగ్గ వేయుట వేరు. ఒక్కొక్కదానికి ఆంగ్లమున ఒక్కొక్క క్రియ. ఈ ఐదు వాక్యములు వ్రాసిన బాలుడు ఐదు క్రియలను వాని వాని చోట్లలో నేర్చును. పట్టికలో నేర్చిన ఏబది మాటలు అట్లు నిలువవు.

ఒకప్పుడు ఆంగ్లేయులు తెలుగు నేర్వదలచినప్పుడు ఈ మార్గమునే అవలంబించిరి. కాంబెల్ దొర తెలుగు వ్యాకరణము 1816లో చెన్నపట్టణముననే అచ్చయినది. బ్రౌను దొర తన వ్యాకరణమును 1840లోను, నిఘంటువులను 1852లోను ప్రకటించెను. వారు తెలుగును తమ భాషతో తూచి తూచి నేర్చిరి. తమ భాషను మరచి కాదు. మనము మాత్రము ఆంగ్లము రావలెనన్నచో ఇంట తెలుగు మానవలెనని భ్రమపడుచున్నాము.

ఈ భ్రమవలన కలుగు నష్టము మన ప్రాంతమున మరింత యెక్కువ. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతినుండి ఏటేట పైకి సాగి 2015-16లో పదవ తరగతికి చేరినది. రాష్ట్రభాషను నేర్చుట మన ధర్మమే. అందు మాకు విప్రతిపత్తి లేదు. కాని దానివలన మన పిల్లలలో అనేకులకు తెలుగు మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు. తెలుగు మూలముగా ఆంగ్లము నేర్పు పుస్తకములు విజయవాడనుండి, హైదరాబాదునుండి ఎన్ని వచ్చినను ఆ లిపి తెలియనివానికి అవి మూసిన తలుపులే. ఇప్పుడు ఇంట మాటను గూడ తీసివేసినచో, తూచుటకు వానిచేత త్రాసు ఉండదు.

కావున మా సూచన యిది. మర్ఫీ పుస్తకమును విడువవలదు. చివరి పరీక్షను చేయించి, తప్పిన పాఠములను మాత్రమే చదివింపుడు. దినమునకు ఐదు తెలుగు వాక్యములను ఇంటి పెద్దలు చెప్పవలయును. అవి పొలము, వంట, రైలు, బంధువుల రాకపోకలు మొదలగువానిని గూర్చినవి కావలయును. పిల్లలు వానిని ఆంగ్లమున వ్రాయవలయును. మరుసటి దినము ఆ ఆంగ్లమును చూచి మరల తెలుగు చేసి, తెలుగు లిపిలో వ్రాయవలయును. ఎక్కడ రెండును సరిపడవో అక్కడ ఎర్రగీత గీయవలయును. ఆ గీతలే వాని వ్యాకరణము. అమ్మమ్మకు ఆంగ్లము రాకున్నను ఈ పనికి ఆమెయే తగిన గురువు, ఏలయన వాక్యమిచ్చునది ఆమె.

మన సంఘమువారు ఇట్టి వాక్యములను ఇంటింట సేకరించి, తెలుగువాడు పొరబడు చోట్లననుసరించి వర్గీకరించి, ఒక చిన్న పుస్తకముగా అచ్చు వేయింపగలరేని, అది మన పిల్లలకు ఆంగ్లమును నేర్పును, తెలుగు లిపిని గూడ వారి చేతికిచ్చును. వ్యయము స్వల్పము. వాక్యములు మన యిండ్లలో ఇంకను వినబడుచున్నవి. వినబడుచుండగనే ఈ పని కావలయునని మా ప్రార్థన.