ఫోటోమ్యాత్ చూపని సోపానం

2014లో వచ్చిన ఫోటోమ్యాత్ యాప్‌ను మీలో చాలామంది వాడే ఉంటారు. ఫోన్ కెమెరాను లెక్కపై పెడితే జవాబుతో పాటు సోపానాలూ చూపుతుంది. ఉద్యోగం చేసుకుంటూ, కాంటాక్టు తరగతులకు రాలేక ఒంటరిగా చదివే విద్యార్థికి ఇది చిన్న సాయం కాదు. నేను దాన్ని తీసిపారేయను.

అయితే 'ఎక్స్ సైన్ ఎక్స్' సమాకలనాన్ని గమనించండి. యాప్ ఎక్స్‌ను మొదటి ప్రమేయంగా తీసుకుని చకచకా ముగిస్తుంది. అలా ఎందుకు తీసుకోవాలో ఆలోచించే అవసరమే మీకు రానివ్వదు. సైన్ ఎక్స్‌ను మొదట తీసుకుంటే? ఎక్స్ కాస్తా ఎక్స్ వర్గమై లెక్క మరింత ముదురుతుంది. ఆ తప్పుదారిలో నాలుగు పంక్తులు నడిచి వెనక్కి వచ్చినవారికే ఎంపిక మర్మం పట్టుబడుతుంది. (నా తరగతుల్లో చిత్తుపుస్తకం చూపమని అడిగేది అందుకే.) పరీక్ష హాలులోకి ఫోన్ రాదు. పై లెక్కను రెండు ఎంపికలతోనూ కాగితంపై చేసి, ఆ తరువాతే యాప్ తెరవండి.