ఊగిన రాతి వంతెన

అమెరికన్ చిత్రకారుడు జాన్ మారిన్ 1913లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెనను చూపే ఎచింగ్‌లు (రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మలు) వరుసగా చేశాడు. వాటిలో ఆరోదాని పేరు పక్కన ‘స్వేయింగ్’ అన్న మాట చేర్చాడు. అంటే ఊగడం. నిజానికి ఆ వంతెన రాతితో, ఉక్కు తీగలతో కట్టినది. 1883 మే 24న ప్రారంభమైంది. రెండు రాతి బురుజుల మధ్య దూరం 1,595 అడుగులు. మారిన్ గీతల్లో మాత్రం ఆ బురుజులు పక్కకు ఒరుగుతాయి, గీతలు తెగి మళ్లీ అందుకుంటాయి.

మారిన్ మొదట భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్టు. 1905లో యూరప్ వెళ్లాక ప్యారిస్, వెనిస్ నగరాలను చిత్రకారుడు విస్లర్ పద్ధతిలో సున్నితంగా గీశాడు. న్యూయార్క్ తిరిగొచ్చాక ఆ నెమ్మది పోయింది. నగరంలో భవనాలు నిర్జీవాలు కావని, పెద్దవీ చిన్నవీ ఒకదాన్నొకటి లాగుతూ నెడుతూ ఉంటాయని 1913 నాటి తన ప్రదర్శన సందర్భంగా రాశాడు.

ఆ తోపులాటను పట్టడానికి ఎచింగ్ అనువైన పని. రాగి రేకుకు మైనం కలిసిన పూత పట్టించి, పొగ చూపి నల్లబరుస్తారు. సూది కదిలినచోట పూత లేచి ఎర్రటి రాగి కనిపిస్తుంది. రాగిని నేరుగా ఉలితో చెక్కే ఎన్‌గ్రేవింగ్‌లో చెయ్యి నెమ్మదించక తప్పదు. మైనం మీద సూది కలంలా పరుగెత్తుతుంది. తర్వాత రేకును ఆమ్లంలో ఉంచితే గీసినంత మేరే రాగి కరుగుతుంది. సన్నగా ఉండాల్సిన గీతలను ముందుగా వార్నిష్‌తో కప్పి, మిగతావాటిని మళ్లీ ముంచుతారు. ఎంతసేపు నానితే అంత లోతు, ఎంత లోతైతే అంత నలుపు.

చివరికి పూత తీసేసి, సిరా రుద్ది, గుడ్డతో పైపైన తుడుస్తారు. గీతల్లో మిగిలిన సిరాను ప్రెస్ కింద తడి కాగితం పీల్చుకుంటుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు చూసినవారికి ఈ గీత కొత్త కాదు. అసలు ప్రింటు ఎదురైనప్పుడు రెండు గుర్తులు చూడాలి: చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లం, కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా నిలిచిన సిరా. ఫొటో నకలులో ఆ రెండూ ఉండవు.