ముందు గడ్డను చూడండి

నడుమెత్తు కాడ మీద రంగురంగుల రేకులు విప్పే ఐరిస్ బొమ్మలు చూసి, దాన్ని మన చంద్రగిరిలో పెంచలేమా అని కొందరు అడుగుతున్నారు. పెంచలేం. దాని దుంపకు చలికాలమంతా గట్టి చలి తగలాలి. కశ్మీరులో సమాధుల మీద సైతం పూస్తుందంటే అక్కడి చలి వల్లే. మన ధనుర్మాసపు చలి దానికి ఏ మూలకూ చాలదు.

అందుకు బెంగ అక్కర్లేదు. నేలలో గడ్డ, సన్నటి పొడుగాటి ఆకులు, వాటి నడుమ నుంచి నిటారుగా లేచే కాడ, పైగా ఐరిస్‌కు ఎన్నడూ రానంత వాసన. ఇవన్నీ ఉన్న లిల్లీ, అదే నేలసంపెంగ, మన ఎండను హాయిగా తట్టుకుంటుంది. పుట్టిల్లు మెక్సికో కదా!

నాకు ప్రజ్వల్ రకమంటే ప్రాణం. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధన సంస్థ శృంగార్, మెక్సికన్ సింగిల్ రకాలను కలిపి దీన్ని తీసింది. మొగ్గ కొసన లేత గులాబీ ఛాయ ఉంటుంది, విచ్చాక తెల్లబడుతుంది. శృంగార్ కంటే పువ్వు పెద్దది, బరువైనది. కాడతో కోసి జాడీలో పెట్టినా, విడిపూలు కోసి సూదితో దండ గుచ్చినా నిండుగా ఉంటుంది. దండకైతే ఎండెక్కకముందే కోయాలి.

అసలు పనంతా గడ్డ దగ్గరే. రెండు మూడు సెంటీమీటర్ల లావు, నొక్కితే గట్టిగా ఉన్నవి ఏరుకోవాలి. మరీ చిన్నవైతే ఆకులే వేస్తాయి. తవ్విన వెంటనే నాటకండి. నీడలో నెల, నెలన్నర ఆరనిస్తేనే బాగా మొలకెత్తుతాయి. నాటడానికి ఫిబ్రవరి, మార్చి గాని, జూన్, జూలై గాని మంచివి. సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు, గడ్డకూ గడ్డకూ 20, లోతు ఐదారు సెంటీమీటర్లు. గట్టు మీదే నాటండి. మన దగ్గర అక్టోబరు, నవంబరు వానలు ఒకసారి పట్టుకుంటే వదలవు. కాలువలో నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లిపోతుంది. మూడు నెలలకు పూత మొదలవుతుంది.

పూసిన గడ్డ మళ్లీ పూయదు. దాని చుట్టూ వచ్చిన పిల్లగడ్డలే తర్వాతి పూతకు ఆధారం. మూడో ఏటికి అవి కిక్కిరిసి, కాడలు పొట్టిబారతాయి. అప్పుడు చాలామంది యూరియా చల్లుతారు. కావలసింది యూరియా కాదు, పార. మొత్తం తవ్వి, విడదీసి, చోటు మార్చి నాటాలి.

తవ్వేటప్పుడు వేళ్లను తప్పకుండా చూడండి. సన్నటి వేళ్ల మీద ఉబ్బిన ముడులు కనిపిస్తే నులిపురుగు పట్టినట్టే. ఆ మడిలో మళ్లీ లిల్లీ వద్దు, ఒక పంట బంతి వేయండి. గడ్డలు పంచుకోవడం మన పెరళ్లలో మంచి అలవాటే. కానీ ముడులున్న దుబ్బులోని గడ్డను మాత్రం, ఎంత దగ్గరివాళ్లు అడిగినా, ఇవ్వకండి.