మీట నొక్కినంతలో మాట: అనువాదపు అనుబంధముపై ఒక విమర్శ

నిఘంటువు విలువ కట్టుటకు రెండు కొలతలు కలవు. వెదకిన మాట ఎంత శీఘ్రముగా దొరకినదనునది మొదటిది. దొరకిన మాట వెదకినవాని కెంతవరకు అక్కరకు వచ్చినదనునది రెండవది. కంప్యూటరులోని లాంచరు అను సాధనమునకు చేర్చుకొను అనువాదపు అనుబంధమును ఈ రెండు కొలతలతోను పరీక్షింపవలసియున్నది. ఏలన, ఇంటిలో తెలుగును, వీధిలో తమిళమునో కన్నడమునో, కార్యాలయములో ఇంగ్లీషును వాడువారికి మాట వెదకుకొను పని తక్కినవారికంటె హెచ్చు.

లాంచరనగా తెరమీద కనబడు నొక చిన్న పట్టీ. నిర్ణీతమైన రెండు మీటలను కలిపి నొక్కినంతనే, చేయుచున్న పని చెదరకుండ, అది ప్రత్యక్షమగును. మాక్ యంత్రములకు ఆల్ఫ్రెడ్, లినక్స్‌కు యూలాంచర్ ఈ జాతివి. అనువాదపు అనుబంధమును చేర్చుకొన్నవారు ఒక సంకేతమును, దాని ప్రక్కన మాటను టైపు చేసిన చాలును. ఆ మాట ఇంటర్నెట్ మార్గమున దూరమందున్న అనువాదసేవకు పోవును. సమాధానము పట్టీ క్రిందికి వచ్చును. ఎంటర్ నొక్కినచో ఆ సమాధానమునకు ప్రతి సిద్ధమై, వ్రాయుచున్న చోట అతికించుకొనుట కనువుగా నుండునట్లు అనేక అనుబంధములు కూర్పబడినవి.

మొదటి కొలతలో దీనికి సాటి లేదు. బ్రౌను నిఘంటువు 1852లోను, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లోను చెన్నపట్టణముననే అచ్చయినవి. అయినను నేడు ఆ నగరములోని తెలుగు ఇండ్లలో వానిని తెరచువారు అరుదు. తమిళ లిపిలో చదువు నేర్చిన పిల్లవానికి తెలుగు అకారాది క్రమమే కొండయెక్కినట్లుండును. అట్టివానికి క్షణములో తెలుగు మాటను తెలుగు లిపిలో చూపు సాధనము నిజముగా ఉపకారియే. గూగుల్ అనువాదసేవలో తెలుగు 2011లో చేరినది. 2017లో దానికి కొత్త నాడీజాల పద్ధతి అమరినది. అప్పటినుండి వాక్యముల అనువాదము మునుపటికంటె మెరుగుపడినదనుట న్యాయము.

చిక్కు రెండవ కొలతలో నున్నది. కొత్త పద్ధతి బలమంతయు వాక్యమును చూచి అర్థము నిర్ణయించుటలో నున్నది. లాంచరు పట్టీలో జనులు టైపు చేయునది ఒంటిమాట. అనగా యంత్రము బలమును ముందే తీసివైచి దానిని ప్రశ్నించుచున్నారు. ఇంగ్లీషువాడు రైస్ అను ఒక్క మాటతో సరిపెట్టుకొనును. తెలుగువానికి పొలములో వరి, కళ్ళములో వడ్లు, మర పట్టిన పిమ్మట బియ్యము, ఉడికిన పిమ్మట అన్నము. ఈ నాలుగింటిలో నేది కావలెనో ఒంటిమాట చెప్పజాలదు. నిఘంటువైనచో నాలుగింటిని వరుసగా పెట్టి, ఎంచుకొను భారమును చదువరికి వదలును. పట్టీ ఒక్కదానిని పైన నిలిపి, ఎంపిక యున్నదను సంగతినే మరపించును.

ఇంతకంటె విచారింపదగినది మరియొకటి కలదు. రెండు భారతీయ భాషల నడుమ ఇంగ్లీషును మధ్యవర్తిగా నిలుపుట అనువాదయంత్రములలో చిరకాలముగా నున్న పద్ధతి. తమిళమున నామ్, నాంగళ్ అనియు, మరాఠీలో ఆపణ్, ఆమ్హీ అనియు, తెలుగున మనము, మేము అనియు రెండేసి మాటలు కలవు. వినువానిని కలుపుకొనుట ఒకటి, విడిచిపెట్టుట మరియొకటి. ఇంగ్లీషునకు ఒక్క వుయ్ మాత్రమే గలదు. ఆ ఇరుకు సందుగుండ నడిపించినచో, మనమని బయలుదేరిన మాట మేమై గమ్యము చేరవచ్చును. పక్కపక్కనున్న ఇండ్లవారు మాటలాడుకొనుటకు సముద్రము దాటి వచ్చినట్లున్నది.

రూప మొక్కటై అర్థము వేరైన మాటలయందును ఇట్లే జాగ్రత్త కావలెను. తమిళుని అవసరము తొందర. తెలుగువాని అవసరము అక్కర. రెండు భాషలను చెవులార విన్నవానికి ఈ భేదము సహజముగా తెలియును. యంత్రమును నమ్మి తన చెవిని నమ్మనివాడు దానిని పోగొట్టుకొనును.

అన్నిటికంటె పెద్ద నష్టము ఇంటిమాటలకు. సాయంకాలమునకు ఇంగ్లీషు మాటను టైపు చేసిన పిల్లవానికి సాయంత్రమని వచ్చును. అది తప్పు కాదు. కాని అవ్వ నోట విన్న మాపు, సందె అను మాటలు తెరమీద కానరాకపోగా, అవి తప్పు తెలుగని వాడు తలచును. నిజమునకు ఆ రెండును నిఘంటువు కెక్కిన మాటలే. కోవిల్‌పట్టి సమీపమున ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తన కరిసల్ సీమలోని తమిళ మాటలను ఏరి ప్రత్యేకముగా నిఘంటువు కూర్చెను. ఆయన 2021లో గతించెను. ఆయన చేర్చిన మాటలు నిలిచినవి. ఆ సీమలోని తెలుగునకును అట్టి పని జరుగదగును.

కావున పరికరమును త్రోసివేయుట పరిష్కారము కాదు, వాడుక మారవలెను. మాటను గాక వాక్యమును టైపు చేయవలెను. వచ్చిన సమాధానమును తిరుగ ఇంగ్లీషులోనికి త్రిప్పి, బయలుదేరిన అర్థమే వచ్చినదేమో సరిచూడవలెను. లాంచరులు తమకు నచ్చిన వెబ్ పుటకు అడ్డదారి ఏర్పరచుకొననిచ్చును. ఆంధ్రభారతివంటి బహునిఘంటు పుటకు ఒక సంకేతము పెట్టుకొన్నచో, వేగమును దక్కును, ఎంపికయు దక్కును. ఇక ఏ పట్టీలోను దొరకని మాటలను పెద్దల నోటినుండి వ్రాసికొనుట ప్రతి ఊరి తెలుగు సంఘము పని. యంత్రము తనకిచ్చిన మాటలనే తిరిగి ఇయ్యగలదు. అవ్వ మాటను వ్రాసిపెట్టనిచో, రేపటి యంత్రమునకు సయితము అది తెలియదు.