ఆర్ఎన్ఏ పట్టు విడిపించే విద్య

మానవ కణంలో ఆర్ఎన్ఏ ఒంటరిగా ఉండే సందర్భం దాదాపు లేదు. జన్యువు నుంచి వెలువడిన క్షణం మొదలుకొని విచ్ఛిన్నమయ్యే వరకు దానిని ఏదో ఒక ప్రోటీన్ అంటిపెట్టుకొని, ఎక్కడ కత్తిరించి అతకాలో, కణంలో ఎక్కడికి చేర్చాలో, ఎంతకాలం నిలపాలో నిర్ణయిస్తూ ఉంటుంది. ఆర్ఎన్ఏ బంధక ప్రోటీన్లు అని పిలిచే ఇటువంటివి మనిషిలో 1,500కు పైగా ఉన్నాయని అంచనా. వీటిలో ఒకదాని స్వభావాన్ని విడిగా కొలవాలంటే మానవ కణాల నుంచి నేరుగా సేకరించడం కష్టం. అక్కడ అది కొద్ది మోతాదులో, అనేక ఇతర ప్రోటీన్లతో ముడిపడి ఉంటుంది. అందువల్ల దాని జన్యుసమాచారాన్ని ప్లాస్మిడ్ అనే వలయాకార డీఎన్ఏలో చేర్చి, ఈ.కోలి బాక్టీరియాలోకి పంపి, ఆ బాక్టీరియా చేతనే ప్రోటీన్‌ను తయారు చేయిస్తారు. ఇలా లభించేదే పునఃసంయోజక ప్రోటీన్. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మానవ ఇన్సులిన్ కూడా ఈ మార్గంలోనే తయారైంది.

అయితే ఇన్సులిన్ తయారీలో ఎదురుకాని ఒక చిక్కు ఈ ప్రోటీన్ల విషయంలో ఎదురవుతుంది. ఆర్ఎన్ఏ వెన్నెముకలోని ఫాస్ఫేట్‌లకు రుణావేశం ఉంటుంది. దానిని పట్టే ప్రోటీన్ ఉపరితలంపై ధనావేశం గల ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు తరచూ గుమిగూడి ఉంటాయి. కణాలను పగలగొట్టినప్పుడు బాక్టీరియా సొంత ఆర్ఎన్ఏ కూడా వెల్లువలా బయటపడుతుంది కనుక, మానవ ప్రోటీన్ దానినే గట్టిగా పట్టుకుంటుంది. పరిశోధకుడు ఏ గుణం కోసం ఆ ప్రోటీన్‌ను కోరుకున్నాడో ఆ గుణమే దాని శుద్ధికి ప్రధాన అవరోధమవుతుంది.

ఇందుకు టీడీపీ-43 మంచి ఉదాహరణ. 414 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ యూ, జీ అక్షరాలు పదేపదే వచ్చే ఆర్ఎన్ఏ భాగాలను గుర్తించి, ఆర్ఎన్ఏను కత్తిరించి అతికే ప్రక్రియను నియంత్రిస్తుంది. కండరాలను నడిపే నాడీకణాలను క్షీణింపజేసే ఏఎల్ఎస్ వ్యాధిలో కణాల్లో పేరుకునే ముద్దలలో ప్రధానాంశం ఇదేనని 2006లో తేలింది. ప్రయోగశాలలోనూ అది తేలికగా ముద్దకడుతుంది కాబట్టి, నీటిలో బాగా కరిగే మాల్టోజ్ బంధక ప్రోటీన్‌ను దానికి తోకగా జోడించి ఉత్పత్తి చేసి, అవసరమైన వేళ ఒక ఎంజైమ్‌తో ఆ తోకను తొలగిస్తారు.

శుద్ధీకరణలో అసలు నైపుణ్యం అంటుకున్న ఆర్ఎన్ఏను విడిపించడంలో ఉంది. ఆవేశాల ఆకర్షణ ఉప్పు గాఢత పెరిగేకొద్దీ సడలుతుంది కనుక, కణసారంలోని ప్రోటీన్‌ను కాలమ్‌పై నిలిపి, సుమారు 1 మోలార్ సోడియం క్లోరైడ్ ఉన్న ద్రావణంతో కడుగుతారు. ఆ తరువాత ఉప్పు తగ్గించి, రుణావేశం దట్టంగా ఉండే హెపారిన్ అనే పదార్థం గల కాలమ్ గుండా పంపితే, ప్రోటీన్ ఆర్ఎన్ఏకు బదులు హెపారిన్‌ను పట్టుకొని, ఉప్పు క్రమంగా పెంచినప్పుడు బయటికి వస్తుంది. ఆర్ఎన్ఏను జీర్ణించే ఆర్ఎన్ఏజ్-ఏ ఎంజైమ్‌ను కలపడం సులభమార్గంగా కనిపించినా, మరిగించినా పూర్తిగా నశించని ఆ ఎంజైమ్ లేశమాత్రం మిగిలితే తరువాతి ప్రయోగంలో వాడే ఆర్ఎన్ఏను కూడా అదే తినివేస్తుంది.

ఫలితాన్ని నిర్ధారించడంలో మరింత జాగ్రత్త అవసరం. జెల్‌పై నీలిరంగు వేసినప్పుడు ఒకే గీత కనిపిస్తే ప్రోటీన్ శుద్ధమైందని చాలామంది తృప్తి పడతారు. కానీ ఆ కూమాసీ రంగు ప్రోటీన్‌నే చూపుతుంది, ఆర్ఎన్ఏను చూపదు. 260, 280 నానోమీటర్ల వద్ద అతినీలలోహిత కాంతి శోషణను కొలిచి, మొదటిదానిని రెండవదానితో భాగించడమే ఆర్ఎన్ఏ మిగిలిందో లేదో తెలిపే సరళమైన పరీక్ష. శుద్ధ ప్రోటీన్‌కు ఈ నిష్పత్తి సుమారు 0.6; బరువులో 5 శాతం ఆర్ఎన్ఏ వంటి కేంద్రకామ్లం కలిసినా అది 1కి చేరుతుంది. అటువంటి నమూనాలో ప్రోటీన్ అణువులు కొన్ని అప్పటికే ఆక్రమితమై ఉంటాయి కనుక, దాని బంధన బలం అసలుకంటే తక్కువగా నమోదవుతుంది. అందుకే నిజంగా పనిచేసే అణువుల వాటాను, అంటే క్రియాశీల భాగాన్ని, విడిగా నిర్ణయించాలి. ఆర్ఎన్ఏను పట్టలేని విధంగా మార్చిన ప్రోటీన్‌ను కూడా అదే పద్ధతిలో శుద్ధి చేసి పోల్చినప్పుడే కొలతకు విశ్వసనీయత వస్తుంది.

ఇంత శ్రమించినా బాక్టీరియాలో తయారైన ప్రోటీన్ మానవ కణంలోని దానికి సంపూర్ణ ప్రతిరూపం కాదు. మనిషి కణాలు ఎఫ్‌యూఎస్ వంటి ఆర్ఎన్ఏ బంధక ప్రోటీన్ల ఆర్జినిన్‌లకు చేర్చే మిథైల్ గుంపులను బాక్టీరియా చేర్చదు. ఆ పరిమితిని స్పష్టంగా చెప్పినంత కాలం అది లోపం కాదు. మందుల అన్వేషణ నేడు ఇటువంటి కొలతలపై కూడా ఆధారపడుతున్నందున, సొంతంగా తయారుచేసినా కొనుగోలు చేసినా ప్రతి నమూనాకు శోషణ నిష్పత్తిని, క్రియాశీల భాగాన్ని కొలిచి, బంధన బలంతో పాటు ఆ రెండు అంకెలనూ ప్రచురించడం యువ పరిశోధకులు తమ నియమంగా పెట్టుకోవాలి.