36 ఫొటోల పెళ్లి

ఫిల్ము రోజుల పెళ్లి ఫొటోగ్రాఫరంటే నాకెంతో గౌరవం. రీలుకి 36 ఫొటోలు; ఎలా వచ్చాయో కడిగించేదాకా తెలీదు. జీలకర్ర-బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు ఏదీ తప్పిపోకూడదు. ఆయన కోసం ముహూర్తం ఆగదు కదా! అసలు ప్రతిభ మాత్రం ఆ లెక్కలోంచి మిగుల్చుకుని తీసిన ఒకటి రెండింట్లో కనిపిస్తుంది: బంతిలో అప్పడం కొరకబోతూ నోరు తెరిచిన బాబాయి, బిందెలో ఉంగరం తనకే దొరికిందని విరగబడి నవ్వుతున్న పెళ్లికూతురు. వరసగా నిలబెట్టి తీసిన గ్రూపు ఫొటోల పేజీలు గబగబా తిప్పేస్తాం. బాబాయి దగ్గర ఆల్బం ఆగుతుంది. ఆ రోజు వడ్డన ఎంత ఆలస్యమైందో ఒకరు మొదలుపెడతారు. "కాదే, అప్పటికది ఆయన రెండో విస్తరి" అని పిన్ని సరిదిద్దుతుంది. ఆ పెళ్లి చూడని మనవలకి కూడా ఈ వాదన కంఠతా వచ్చు.